చేసిన చేతికీ మొక్కిన చేతికీ మధ్య: పునరుజ్జీవన కళలో మతవస్తువు, ఆసిఫాబాద్ ఓజ లోహశిల్పం – ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక చిత్రాన్ని గాని, ప్రతిమను గాని మతపరమైనదని నిర్ణయించేది ఏది? అందులోని కథా, చేసినవాని విశ్వాసమా, చేయించినవారి అధికారమా, దాన్ని నిలిపిన చోటా? ఇటలీ పునరుజ్జీవన యుగపు కళాఖండాలను, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఓజ కళాకారుల ఇత్తడి ప్రతిమలను, గోండుల ఆరాధనా సంప్రదాయాలను పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ప్రతిమలోని మతపరత దాని చుట్టూ అల్లుకొన్న పరస్పర బాధ్యతల్లో ఉంటుందని, ప్రతిమ స్థలం మారినప్పుడు ఆ బాధ్యతలు నశించక చేతులు మారుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పునరుజ్జీవన కళ, ఓజ లోహశిల్పం, పెర్స పేన్, గుస్సాడీ, ఆరాధన, ప్రదర్శన, శిల్పి నామం.

1. ప్రవేశిక

ఐరోపా పునరుజ్జీవన కళను గురించి తెలుగులో జరిగే చర్చ సాధారణంగా మానవతావాదం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. మధ్యయుగంలో దైవానికి దక్కిన స్థానం పునరుజ్జీవన కాలంలో మనిషికి దక్కిందని పాఠ్యపుస్తకాలు సూత్రీకరించాయి. ఆ సూత్రంలో సత్యం లేకపోలేదు. అయితే ఆ యుగపు ప్రసిద్ధ కళాఖండాల్లో అత్యధిక భాగం మతవస్తువుతో కూడినవే. అవి చర్చి బలిపీఠాల కోసం, మఠాల భోజనశాలల కోసం, బాప్తిస్మ మందిరాల ద్వారాల కోసం తయారైనవి. నేడు వాటిని చూసేవారిలో మోకరిల్లేవారు తక్కువ, తలెత్తి మెచ్చుకొనేవారు ఎక్కువ. వస్తువు మారలేదు, చూపు మారింది. ఆ మార్పులో ఏదైనా ధర్మహాని జరిగిందా అన్నది కళాచరిత్ర ఒక్కటే తేల్చగల విషయం కాదు. అది నైతిక ప్రశ్న.

ఇదే ప్రశ్న ఉత్తర తెలంగాణలో నేడు సజీవంగా ఉంది. 2016లో ఏర్పడిన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో జైనూర్ మండలం ఉషేగాం, మరికొన్ని గూడేలు ఓజ కళాకారుల నివాసాలు. గోండు సమాజంతో పెనవేసుకొని జీవించే ఈ చిన్న వర్గం తరతరాలుగా ఇత్తడితో దేవతారూపాలను, గంటలను, ఆభరణాలను పోతపోస్తూ వచ్చింది. ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరుతో ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు గూడెం కోసం మాత్రమే తయారైన రూపాలు ఇప్పుడు హైదరాబాదు, ఢిల్లీ హస్తకళా ప్రదర్శనల్లో అమ్మకానికి నిలుస్తున్నాయి. ఫ్లోరెన్స్‌లో శతాబ్దాల మీద జరిగిన పరిణామం ఇక్కడ ఒకటి రెండు తరాల్లో జరుగుతున్నది. ఈ రెంటినీ కలిపి చూడడానికి ఇదే హేతువు.

2. ఒకే విద్య, రెండు లోకాలు

ఈ పోలిక కేవలం ఊహాజనితం కాదు. రెండు చోట్లా సాంకేతిక విధానం ఒకటే. ఓజ కళాకారుడు మొదట మట్టితో లోపలి ముద్దను తీర్చుతాడు. దానిపై గుగ్గిలం కలిపిన మైనాన్ని సన్నని దారాలుగా సాగదీసి చుట్టి కన్ను, ముక్కు, నగ, నడికట్టు అన్నీ మైనంతోనే రూపుకడతాడు. పైన మళ్లీ మట్టి పూసి, ద్రవం పారడానికి దారి విడుస్తాడు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది. అది విడిచిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారిన తరువాత అచ్చును పగలగొట్టాలి. అందుచేత ఒక ప్రతిమకు మరొకటి అచ్చుగుద్దినట్లు ఉండదు. సంస్కృత శిల్పసాహిత్యం ఈ పద్ధతిని మధూచ్చిష్ట విధానం అన్నది. కల్యాణీ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని పేరిట 12వ శతాబ్దిలో వెలువడిన ‘మానసోల్లాసం’ దీన్ని వివరించింది.

ఫ్లోరెన్స్ బాప్తిస్మ మందిరపు కాంస్య ద్వారాలు కూడా ఈ మైనపు పోతలో పుట్టినవే. వాటి కోసం 1401లో పోటీ ప్రకటించారు. పోటీకి ఇచ్చిన వస్తువు అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం. లొరెంజో గిబెర్తీ గెలిచాడు. ఆయన పలక, ప్రత్యర్థి బ్రునెల్లెస్కీ పలక రెండూ నేటికీ మిగిలి ఉన్నాయి. ఆ ద్వారాలను చేయించినది కలిమాలా అనే వస్త్రవర్తకుల శ్రేణి.

ఇక్కడ తెలుగు సాహిత్య విద్యార్థికి ఒక సామ్యం స్ఫురించక మానదు. దాదాపు అదే కాలానికి చెందిన శ్రీనాథుడు ‘హరవిలాసం’లో తన బిడ్డనే శివునికి అర్పించిన సిరియాళుని కథ చెప్పాడు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయసెట్టి కూడా వర్తకుడే. కన్నకొడుకును అడిగే దైవం, ఆ కథను తమ ధనంతో చిరస్థాయిగా నిలుపుకొన్న వర్తకులు, రెండూ రెండు చోట్లా కనిపిస్తాయి. ఈ సామ్యాన్ని పరస్పర ప్రభావంగా భావించనవసరం లేదు. భక్తి, ధనం, నైపుణ్యం ఒకేచోట కలిసినప్పుడే పెద్ద మతకళ పుడుతుందని ఇది చూపుతుంది. కనుక నేటి అంగడిని తలచుకొని, పూర్వం కళ ధనస్పర్శ లేకుండా ఉండేదని భావించడం చరిత్రకు విరుద్ధం. ధనం అప్పుడూ ఉన్నది. అయితే ఆ ధనం దేనికి కట్టుబడి ఉండేదన్నది విచారించవలసిన అంశం.

3. చేసినవాని విశ్వాసం ప్రమాణమా?

మతకళకు చేసినవాని భక్తే ప్రాణమన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. కళాకారుల జీవితచరిత్రలను 1550లో ప్రకటించిన జార్జియో వసారి ఇందుకు అనుకూలంగా ఒకరిని, ప్రతికూలంగా మరొకరిని మనముందుంచాడు. సన్యాసి చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో సిలువ దృశ్యం వేసినప్పుడల్లా కన్నీరు కార్చేవాడని వసారి రాశాడు. ఆ చిత్రకారుణ్ణి కేథలిక్ చర్చి 1982లో ధన్యునిగా ప్రకటించింది. రాఫేల్‌కు గురుతుల్యుడైన పెరుజీనో గురించి వసారి చెప్పినది వేరు. ఆయనకు మతవిశ్వాసం అత్యల్పమని, ఆత్మ అమరమని ఎవరూ ఆయనను నమ్మించలేకపోయారని. పెరుజీనో విషయంలో వసారి మాటను పూర్తిగా నమ్మాలా అన్నది చరిత్రకారుల చర్చనీయాంశం. కాని ఆ మాట నిజమే అయితే ఏమవుతుంది? పెరుజీనో మరియమ్మ చిత్రాల ముందు తరతరాల జనం మోకరిల్లారు. చిత్రకారుని అవిశ్వాసం వారి ప్రార్థనను అబద్ధం చేయలేదు.

తెలంగాణలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తాయి. చేర్యాల పటచిత్రకారుడు మార్కండేయ పురాణాన్ని పద్మశాలీల కోసం, మడేలు పురాణాన్ని రజకుల కోసం, జాంబపురాణాన్ని మాదిగల కోసం చిత్రిస్తాడు. ఆ కులపురాణాలేవీ ఆయన సొంత కులానివి కావు. ఆయా కులాలకు కథ చెప్పే ఆశ్రిత గాయకులు పటాన్ని అందుకొనే వేళ పూజ జరుగుతుంది. జీర్ణించిన పటాన్ని పారేయక నదిలో కలపడం ఆచారం. పటం దైవత్వానికి చిత్రకారుని కులవిశ్వాసం ఎన్నడూ షరతు కాలేదు.

కాబట్టి విశ్వాసం కళాకారునికి శక్తినివ్వవచ్చునే గాని, ప్రతిమను మతపరమైనదిగా నిర్ణయించే ప్రమాణం కాజాలదు. అలాగని చేసేవాని అంతరంగానికి విలువ లేదనడమూ సరికాదు. పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’లో కుమ్మర గుండయ్య కుండలు వాయిస్తుంటే శివుడే వచ్చి ఆడతాడు. గుండయ్య చేతిలో ఉన్నది లింగం కాదు, తన వృత్తి సాధనమైన కుండ. అక్కడ భక్తికి ఆశ్రయం ప్రతిమ కాదు, పని. శిల్పి విశ్వాసం ఆ శిల్పి పనిని పూజగా మార్చవచ్చు. శిల్పాన్ని పూజ్యంగా మార్చేది మాత్రం మరొకటి.

4. అధికారం ప్రమాణమా?

రెండవ సమాధానం సంస్థాధికారం. ఏది మతకళో, ఏది కాదో నిర్ణయించే హక్కు మతసంస్థదేనన్న వాదం 16వ శతాబ్ది ఐరోపాలో బలంగా వినిపించింది. ప్రతిమకు చేసే గౌరవం ప్రతిమకు కాక, అది సూచించే మూలానికి చెందుతుందని 1563లో ట్రెంట్ మహాసభ తీర్మానించింది. పవిత్రస్థలాల్లో అనుచిత చిత్రాలు ఉండరాదని శాసించింది. మైకెలాంజెలో 1541లో పూర్తి చేసిన ‘అంతిమ తీర్పు’లోని నగ్న దేహాలకు ఆయన మరణానంతరం వస్త్రాలు పూసినది ఈ వాతావరణంలోనే.

ఈ అధికారం బలాన్ని, పరిమితిని ఒక్కసారే చూపిన ఘటన వెనిస్‌లో జరిగింది. పావొలో వెరొనేసె ఒక మఠపు భోజనశాల కోసం క్రీస్తు అంతిమ భోజనాన్ని చిత్రించాడు. అందులో విదూషకులు, జర్మన్ సైనికులు, ముక్కు నుంచి రక్తం కారుతున్న సేవకుడు కనిపించడంతో 1573లో విచారణ సభ ఆయనను పిలిపించింది. కవులకు ఉన్న స్వేచ్ఛనే చిత్రకారులూ తీసుకొంటారని ఆయన సమాధానమిచ్చాడు. సరిదిద్దాలని ఆజ్ఞ అయింది. చివరికి మారినది ప్రధానంగా చిత్రం పేరు. ‘లేవీ ఇంటి విందు’ అన్న పేరుతో అది నిలిచిపోయింది. పేరు మార్చినంత మాత్రాన ఒక చిత్రం పవిత్రతా పరీక్షలో ఉత్తీర్ణం కాగలిగితే, ఆ పరీక్ష ప్రతిమ స్వభావాన్ని తాకలేదని అర్థం.

దాదాపు అదే కాలంలో ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో తిన్నని కథ వెలువడింది. ఎరుక తిన్నడు తెచ్చిన మాంస నైవేద్యం ఆగమాధికారం దృష్టిలో అపచారం. శివుని దృష్టిలో అది పూజ. తన కన్నునే పెకలించి ఇచ్చినవాని ముందు విధినిషేధాల లెక్క చెల్లలేదు. అధికారం పవిత్రతకు సరిహద్దులు గీయగలదు. దాన్ని పుట్టించలేదు.

5. స్థలం ప్రమాణమా?

మూడవ సమాధానం ఆధునికులది. 1930లలో జర్మన్ చింతకుడు వాల్టర్ బెన్యమిన్ కళాఖండానికి రెండు విలువలు ఉంటాయని వివరించాడు. ఒకటి ఆరాధనా విలువ, రెండవది ప్రదర్శనా విలువ. మొదటిదానికి ప్రతిమ ఉండడమే చాలు, కనబడనక్కరలేదు. రెండవదానికి కనబడడమే సర్వస్వం. రాఫేల్ 1512 ప్రాంతంలో పియాచెంజాలోని సాన్ సిస్టో మఠ దేవాలయం కోసం వేసిన ‘సిస్టైన్ మడోన్నా’ ఇందుకు తగిన ఉదాహరణ. 1754లో దాన్ని సాక్సనీ పాలకుడు కొనుగోలు చేశాడు. నేడది డ్రెస్డెన్ చిత్రశాలలో ఉంది. సన్యాసులకు ఆరాధ్యమైన తల్లి సందర్శకులకు కళాఖండమైంది.

బెన్యమిన్ విభజనకు గోండు సంప్రదాయం అద్భుతమైన సాక్ష్యం. గోండు వంశాల మహాదైవం పెర్స పేన్. హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి కేంద్రంగా చేసిన అధ్యయనాల్లో నమోదు చేసిన ప్రకారం ఆ దైవానికి ముఖ్యమైన గుర్తులు ఇనుప బల్లెపు మొన, చామరం. కటోడా సంరక్షణలో అవి ఏడాదిలో ఎక్కువ కాలం జనం కంటికి దూరంగా ఉంటాయి. నిర్ణీత పూజా సమయాల్లో మాత్రమే వెలికి వస్తాయి. కనబడకపోవడం వాటి మహిమకు లోటు కాదు, మహిమలో భాగమే. బలిపీఠంపై మూసి ఉంచి పండుగనాడు మాత్రమే తెరిచే ఐరోపా రెక్కల చిత్రాలు కూడా ఈ తర్కాన్నే అనుసరించాయి.

అయినా స్థలమే అంతిమ ప్రమాణమని ఒప్పుకోవడం కష్టం. గుడిలో ఉన్న ప్రతిదీ ఆరాధ్యం కాదు, గుడి దాటిన ప్రతిదీ లౌకికమూ కాదు. ఉత్సవ విగ్రహం వీధిలోకి వచ్చినప్పుడే ఊరంతటికీ దర్శనమవుతుంది. సియెనా నగరంలో 1311లో దుచ్చో చిత్రించిన మరియమ్మ పటాన్ని చిత్రశాల నుంచి చర్చి దాకా మేళతాళాలతో ఊరేగించారు. ఊరేగింపు దారి గుడి కాదు. అయినా ఆ దినం అది ప్రదర్శన కాలేదు. స్థలం ఒక్కటి తేల్చలేని విషయాన్ని తేల్చేది ఏమిటో తెలుసుకోవడానికి ఆసిఫాబాద్ పరిసరాల్లోని ఆచారాలనే మరింత దగ్గరగా చూడాలి.

6. బాధ్యతల గొలుసు

ఆసిఫాబాద్‌కు పొరుగున ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు నాగోబాకు మహాపూజ చేస్తారు. ఆ పూజకు గంగాజలం కావాలి. దాన్ని తేవడానికి వంశీయులు రోజుల తరబడి కాలినడకన జన్నారం దగ్గరి గోదావరి మడుగుకు వెళ్లి వస్తారు. పూజకు కుండలు కావాలి. వాటిని సిరికొండలోని కుమ్మరులు వంశపారంపర్యంగా చేసి ఇస్తారు. పూజలో వంశచరిత్ర వినిపించాలి. అది పర్ధానుల వంతు. నడిచేవారు, చేసేవారు, పాడేవారు, మొక్కేవారు వేరువేరు మనుషులు. ఒకరి పని ఆగితే మరొకరిది సాగదు.

ఈ పూజలో కుండకు ఉన్న స్థానాన్ని గమనించాలి. కుండ మీద ఏ దేవుని కథా ఉండదు. వస్తువు దృష్ట్యా అది మతకళ కాదు. చేసిన కుమ్మరి మెస్రం వంశీయుడు కాడు. విశ్వాసం దృష్ట్యా అతడు ఆ వంశపూజకు బయటివాడు. అయినా ఆ కుండ లేనిదే నాగోబాకు అభిషేకం లేదు. ఇలాంటి మామూలు మట్టిపాత్రను పూజాద్రవ్యంగా నిలిపినది ఒక బాధ్యత: ఈ ఇంటివారే చేయాలి, ఈ వంశంవారే అడగాలి, ఈ పూజకే వాడాలి అన్న కట్టుబాటు.

కాబట్టి ప్రతిమలోని మతపరతను ఒక గుణంగా కాక, ఒక సంబంధంగా గ్రహించడం సమంజసం. అడిగినవారు చేసినవారికి, చేసినవారు కొలిచేవారికి, కొలిచేవారు ప్రతిమకు, జీర్ణించిన ప్రతిమను సాగనంపేవారు ఊరికి బాధ్యులు. ఈ గొలుసు నిలిచి ఉన్నంతవరకు ప్రతిమ పూజ్యం. గిబెర్తీ ద్వారాలకూ అలాంటి గొలుసు ఉండేది. వర్తకశ్రేణి నగరానికి, శిల్పి శ్రేణికి, నగరం తన బిడ్డల బాప్తిస్మానికి కట్టుబడి ఉండేవి. నేడు మూల ద్వారాలు ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. మందిరానికి ఉన్నవి నకళ్లు. కాంస్యం నిలిచింది. దాని చుట్టూ ఉండిన బాధ్యతల్లో సంరక్షణ ఒక్కటే మిగిలింది.

7. ఒకే కిరీటం, రెండు సందర్భాలు

ఈ ప్రతిపాదనకు కఠిన పరీక్ష గుస్సాడీ. దీపావళి సమయంలో గోండు గూడేల్లో దండారి సాగుతుంది. నెమలి ఈకల కిరీటం ధరించి, ఒంటికి బూడిద పూసుకొని, చేత కర్ర పట్టిన గుస్సాడీని ఆ రోజుల్లో దైవస్వరూపంగా భావిస్తారు. దండారి ముగిసేదాకా అతడు స్నానం చేయడు. నియమాలు పాటిస్తాడు. చివర కోలబోడినాడు పూజ చేసి అలంకరణ విప్పుతాడు. ఇక్కడ ప్రతిమ ఇత్తడిది కాదు, సాక్షాత్తు మనిషే.

ఆ గుస్సాడీయే గణతంత్ర దినోత్సవ వేదికలపై కూడా ఆడాడు. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ నృత్యాన్ని ఎందరికో నేర్పి, దేశం ఎదుట నిలిపి, 2021లో పద్మశ్రీ పొందారు. 2024లో మరణించారు. ఊళ్లో దండారి, ఢిల్లీలో కవాతు. కిరీటం అదే, అడుగు అదే, మనిషీ అతడే. అయితే రెండు సందర్భాలూ ఒకటి కావని గూడెంలో ఎవరికీ సందేహం ఉండదు. దండారిలో గుస్సాడీకి నియమం ఉంది. ఆతిథ్యమిచ్చే ఊరికి అతనిపట్ల విధి ఉంది. కోలబోడినాడు విప్పవలసిన ముడి ఉంది. వేదికపై ఆ ముడి పడనే లేదు కాబట్టి విప్పవలసిన పనీ లేదు.

దీనివల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, వేదిక మీద ఆడినంత మాత్రాన దండారిలోని దైవత్వం కలుషితం కాదు. బాధ్యత లేనిచోట దైవం దిగలేదు గనుక అక్కడ అపచారానికి తావులేదు. రెండవది, పేరు పొందడం పూజకు శత్రువు కాదు. కనక రాజుకు వచ్చిన గౌరవం దండారిని తక్కువ చేయలేదు. ఈ రెండవ అంశం శిల్పి నామం అనే ప్రశ్నకు దారితీస్తుంది.

8. శిల్పి పేరు

పునరుజ్జీవన యుగంలో పూజ తగ్గే కొలదీ కళాకారుని పేరు పెరిగిందన్నది ఒక ప్రసిద్ధ కథనం. గిబెర్తీ తన రెండవ ద్వారంలో తన తలను కూడా చిన్న ప్రతిమగా పోతపోసి నిలిపాడు. స్వీయజీవిత విశేషాలతో ఒక గ్రంథం రాసుకొన్నాడు. మైకెలాంజెలోను సమకాలికులు దివ్యుడన్నారు. దైవానికి చెందవలసిన విశేషణం దైవాన్ని చిత్రించినవానికి చేరింది.

అదే శతాబ్దిలో లేపాక్షి గోడలపై విజయనగర చిత్రకారులు గొప్ప శైవగాథలను చిత్రించారు. ఆలయాన్ని కట్టించిన విరూపణ్ణ, ఆయన సోదరుడు ఆ చిత్రాల్లో భక్తులుగా దర్శనమిస్తారు. చిత్రించినవారు మాత్రం కనబడరు. తెలుగు కావ్యాల అవతారికలు కవి వంశాన్ని, గురువును, కృతిభర్తను పద్యాలకు పద్యాలుగా వర్ణించాయి. మాటతో దేవుణ్ణి నిర్మించినవానికి నామం ఉంది. రాయితో, రంగుతో, లోహంతో నిర్మించినవానికి లేదు. ప్రజలు రామప్ప గుడిని శిల్పి పేరుతో పిలవడం, జనశ్రుతి మేరకు, అరుదైన మినహాయింపు. ఈ వ్యత్యాసానికి వినయం కారణమనడం పూర్తి సత్యం కాదు. కావ్యరచన ఏ వర్గాల చేతిలో ఉండేదో, లోహం కరిగించే పని ఏ వర్గాల చేతిలో ఉండేదో గమనిస్తే కారణం దానంతట అదే బోధపడుతుంది.

ఆగమాలు కూడా ఈ దూరాన్ని శాస్త్రీకరించాయి. కన్ను తెరిచే సంస్కారం దాకా శిల్పి చేయి ఉంటుంది. ఆ తరువాత సత్కారం పొంది శిల్పి తప్పుకోవాలి. అటుపైన ఆచార్యుడు శుద్ధి చేస్తాడు. తాను తెరిచిన కన్ను ముందు తానే నిలువలేని స్థితి అది. ఆదివాసీ సమాజం ఈ దోషానికి పూర్తిగా అతీతమని చెప్పడానికీ వీలులేదు. పర్ధాను కిక్రీ మోగనిదే పెర్స పేన్ కొలువు సాగదు. అయినా గోండులు భోజన సంబంధాల్లో పర్ధానులను తమకంటె తక్కువగా చూశారని హైమెన్‌డార్ఫ్ రాశారు. దైవాన్ని రూపంలోకో, పాటలోకో తెచ్చేవాడు గడప అవతలే ఉండిపోవడం పల్లెలోనూ, గూడెంలోనూ, ఆగమాలయంలోనూ ఉన్నదే. బాధ్యతల గొలుసును కీర్తించేవారు ఆ గొలుసులో కొందరికి బరువు, మరికొందరికి గౌరవం దక్కిన సత్యాన్ని మరుగుపరచరాదు.

9. అమ్మకం: అపచారమా, హక్కా?

ఈ నేపథ్యంలో ఉషేగాం ఓజ కళాకారుడు దేవతారూపాన్ని ప్రదర్శనలో అమ్మితే అది తప్పా? తప్పని వాదించేవారు దేవుడు సరకు కాదంటారు. ఈ వాదంలోని లోపం స్పష్టం. ఆగమ సంప్రదాయంలోనైనా, గూడెం ఆచారంలోనైనా, పూజావిధి జరగని ప్రతిమ ఇంకా లోహమే. కట్టని ముడిని తెంచినట్లు నిందించడం న్యాయం కాదు. పైగా దేవుణ్ణి అమ్మరాదన్న నీతిని ఫ్లోరెన్స్ శిల్పికీ, తంజావూరు స్థపతికీ వర్తింపజేయనివారు, ఇత్తడి కొని బొగ్గు మండించి పొట్టపోసుకొనే ఓజ కళాకారునికి మాత్రమే వర్తింపజేయడం నీతి పేరిట జరిగే అన్యాయం.

అయితే ఇక్కడొక బలమైన ప్రత్యాక్షేపం ఎదురవుతుంది. పూజ జరగని ప్రతిమ కేవలం లోహమైతే, కొన్నవానికి దానిపట్ల ఏ విధీ లేనట్లే కదా? ధర చెల్లించాడు, ఇంటికి తీసుకొనిపోయాడు, గూటిలో ఉంచాడో మూలన పడేశాడో అతని ఇష్టం. తర్కరీత్యా ఇది నిరాక్షేపంగా కనిపిస్తుంది. కాని ఇది బాధ్యత అంటే దైవంపట్ల బాధ్యత ఒక్కటేనని భావిస్తున్నది. గొలుసులోని కొలువు భాగం లేకపోయినా, చేసినవానిపట్ల విధి ఎక్కడికీ పోదు. గూడెంలో ఆ విధి ధాన్యంగా, బట్టగా, మర్యాదగా చెల్లేది. బజారులో అది ధరగా మారింది. ధర మాత్రమే అయినప్పుడు అది అత్యంత బలహీనమైన రూపంలో చెల్లినట్లు.

ధరకు తోడు కొనేవారు చెల్లించవలసినవి కనీసం రెండు ఉన్నాయి. ఒకటి ఎరుక: ఈ రూపం ఎవరి దైవం, ఏ కథలోనిది, ఏ ఋతువులో కొలుస్తారు అన్న తెలివిడి. ఆ ఎరుక లేనప్పుడు పహండి కుపార్ లింగుని గాథ, జంగుబాయి గుహ గాథ అన్నీ ‘గిరిజన బొమ్మ’ అన్న ఒక్క మాటలో ఇంకిపోతాయి. రెండవది పేరు. భౌగోళిక గుర్తింపు కళను నకిలీల నుంచి కాపాడే అవసరమైన సాధనమే. కాని అది ప్రాంతానికి పెట్టిన పేరు, వర్గానికి దొరికిన కవచం. మైనపు దారాన్ని చుట్టిన వేళ్లకు అది పేరు కాదు. పునరుజ్జీవన యుగం పూజను పోగొట్టుకొని పేరును సంపాదించిందని అంటారు. ఓజ కళాకారుని ప్రతిమ పూజనుంచి దూరమవుతూ, పేరును కూడా పొందకపోతే రెండువిధాలా నష్టపోయేది అతడే.

ప్రతిష్ఠ జరిగిన ప్రతిమను తరలించడం పూర్తిగా వేరు విషయం. అక్కడ ముడి పడి ఉంది. దాన్ని కట్టినవారి సమ్మతి లేక తెంచితే అది దొంగతనమే గాక, జరుగుతున్న ఒక సంభాషణను మధ్యలో నరకడం. తమిళనాడులోని పత్తూరు నటరాజ విగ్రహం విషయంలో లండన్ న్యాయస్థానం 1991లో దేవాలయ పక్షానికి అనుకూలంగా తీర్పు ఇవ్వడం ఈ భేదాన్ని న్యాయశాస్త్రం కూడా గుర్తించగలదని చూపింది. అమ్మకం, అపహరణ అనే రెంటినీ ఒకే అపచారంగా కలగలపడం వల్ల అపహర్త తప్పించుకొంటాడు, కళాకారుడు నిందితుడవుతాడు.

10. ముగింపు

కథావస్తువు, విశ్వాసం, అధికారం, స్థలం ఇవన్నీ ప్రతిమలోని మతపరతకు ఆనవాళ్లు కావచ్చు గాని ఏ ఒక్కటీ దాని మూలం కాదు. అవిశ్వాసి అని పేరుబడినవాని చిత్రం ముందు జనం ప్రార్థించారు. పేరు మార్చుకొన్న చిత్రం నిషేధాన్ని దాటింది. కథ లేని కుండ నాగోబా పూజకు అనివార్యమైంది. ఒకే నెమలి కిరీటం దండారిలో దైవమై, వేదికపై నృత్యాలంకారమైంది. వీటన్నిటినీ వివరించగలది మనుషుల మధ్య ఉన్న బాధ్యతల సంబంధం ఒక్కటే.

ఈ నిర్ణయం అంగీకార్యమైతే మతకళ పరిశోధనలో ప్రశ్నల క్రమం కూడా మారవలసి ఉంటుంది. ఇందులో ఏ దేవుడు ఉన్నాడన్న ప్రశ్నకు ముందు, దీన్ని ఎవరు ఎవరికోసం చేశారు, చేసినవానికి ఏమి దక్కింది, వాడుక తీరాక దీన్ని ఎవరు సాగనంపుతారు అని అడగాలి. తెలుగు సాహిత్య పరిశోధన కృతికర్తను, కృతిభర్తను గుర్తించడంలో ఆరితేరింది. అదే శ్రద్ధ లోహకర్తకు, పటకర్తకు అందలేదు. ప్రదర్శనశాలలో గాజు వెనుక నిలిచిన మరియమ్మకు నేడు ఎవరూ దీపం పెట్టకపోవచ్చు. ఆమెను చిత్రించినవాని పేరు మాత్రం కింద రాసి ఉంటుంది. ఉషేగాంలో మైనం కరిగి ఇత్తడి నిండిన ప్రతిమ ఏ గూటికి చేరినా, దాని కింద కూడా ఒక పేరు ఉండడం దయ కాదు, చెల్లవలసిన బాకీ.